లాగ్ స్పైక్ ఎక్కడ పుడుతోంది?

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం లేకుండా నేరుగా విషయంలోకి వస్తాను, ఎందుకంటే ఇక్కడికి వచ్చినవాళ్లందరి బాధా ఒకటే: ఆన్‌లైన్ ఆట మధ్యలో ఉన్నట్టుండి వచ్చిపోయే లాగ్, అంటే ఆట ఆగి ఆగి నడవడం.

స్పీడ్ టెస్ట్ పెడితే 100 ఎంబీపీఎస్ వస్తుంది. ఆటలో పింగ్, అంటే సర్వర్‌కి వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, 25 చూపిస్తుంది. కాసేపు ఏ తేడా లేకుండా నడుస్తుంది. సరిగ్గా ఎదుటివాడు మలుపు తిరిగే క్షణానికి పింగ్ 400కి లేస్తుంది. మనుషులు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతారు. బొమ్మ మళ్లీ కదిలేసరికి మన ఆటగాడు నేలమీద పడి ఉంటాడు. రెండు సెకన్లు గడిస్తే మళ్లీ 25. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మా వైపు లైన్ బాగానే ఉందండీ" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. వాళ్లు చూసిన నిమిషంలో నిజంగానే బాగుంది.

పింగ్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే కారణం పట్టుకోవడం తేలిక. చిక్కంతా వచ్చిపోయే లాగ్‌తోనే. రూటర్ ఆపి ఆన్ చేస్తాం, గంటసేపు లాగ్ రాదు, హమ్మయ్య పోయిందనుకుంటాం. మర్నాడు మళ్లీ వస్తుంది. డీఎన్ఎస్ (సైట్ల పేర్లని చిరునామాలుగా మార్చే సేవ) మారుస్తాం, ఆ పూటకి బాగుంటుంది, ఆ తర్వాత మామూలే. ఇలా ఒక్కో సెట్టింగూ మార్చుకుంటూ పోతే కొన్నాళ్లకి ఏది ఎందుకు మార్చామో మనకే గుర్తుండదు. లాగ్ మాత్రం ఎక్కడికీ పోదు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. లాగ్ స్పైక్‌కి ఒక వేళ ఉంటుంది, ఒక చోటు ఉంటుంది. ఆ రెండూ తేలేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు. అవి తేలాక మార్చాల్సింది చాలాసార్లు ఒక్కటే మిగులుతుంది.

ముందు స్పీడ్ టెస్ట్ సంగతి చూద్దాం. అది కొలిచేది కొన్ని సెకన్లలో ఎంత డేటా పారిందన్నది. ఆటకి అంత డేటా అక్కర్లేదు. చాలా ఆటలు ఆడుతున్నంతసేపూ 1 ఎంబీపీఎస్ కూడా వాడవు. ఆటకి కావలసిందల్లా చిన్న చిన్న ప్యాకెట్లు, అంటే డేటా మూటలు, వేళకి చేరడం. సర్వర్ 64 టిక్ అయితే ప్రతి 15.6 మిల్లీసెకన్లకీ ఆటలో ఎవరు ఎక్కడున్నారో కొత్తగా లెక్కగడుతుంది. 128 టిక్ అయితే 7.8 మిల్లీసెకన్లకే. దారి 400 మిల్లీసెకన్లు మూసుకుపోయిందంటే 128 టిక్ సర్వర్‌లో 50కి పైగా అప్‌డేట్లు మీకు వేళకి అందలేదన్నమాట. ఎదుటివాడు మిమ్మల్ని చూసి కాల్చడానికి ఆ వ్యవధి చాలు.

సగటు కూడా మోసం చేస్తుంది. సెకనుకొక పింగ్ చొప్పున ఒక నిమిషం కొలిచారనుకోండి. 59 సార్లు 25 వచ్చింది, ఒక్కసారి 625 వచ్చింది. సగటు ఎంత? 35. అది చూసి ఎవరైనా మంచి కనెక్షనే అంటారు. కానీ మీరు మ్యాచ్ పోగొట్టుకున్నది ఆ 625 దగ్గరే. అందుకని సగటుని పక్కన పెట్టండి. గరిష్ఠం ఎంత, అది ఎన్నిసార్లు వచ్చింది, ఏ ఏ వేళల్లో వచ్చింది, ఇవి చూడండి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. వచ్చింది నెట్ సమస్యా, మెషీన్ సమస్యా? సగంమంది ఇక్కడే తప్పుదారి పడతారు. తేల్చుకోవడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. లాగ్ వచ్చిన క్షణంలో మౌస్ గట్టిగా తిప్పండి. మీ చూపు హాయిగా తిరుగుతూ, మిగతా ఆటగాళ్లు మాత్రం బొమ్మల్లా నిలబడిపోయినా, ఉన్నచోటే పరిగెత్తుతున్నా అది నెట్. మీ చూపు కూడా బిగుసుకుపోయి, శబ్దం గరగరలాడితే అది మెషీన్.

ఎందుకిలా అంటే, తొలి రోజుల ఇంటర్నెట్ ఆటల్లో మీరు మీట నొక్కితే ఆ సంగతి సర్వర్‌కి వెళ్లి, జవాబు తిరిగొచ్చాకే మీ ఆటగాడు కదిలేవాడు. 1996లో జాన్ కార్మాక్ అనే ప్రోగ్రామర్ క్వేక్‌వరల్డ్ అనే షూటింగ్ ఆటలో ఈ పద్ధతి మార్చాడు. మీ కంప్యూటరే ముందుగా ఊహించి కదిపేస్తుంది, సర్వర్ తర్వాత ఖాయం చేస్తుంది. ఈనాటి షూటింగ్ ఆటలు దాదాపు అన్నీ ఈ దారిలోనే నడుస్తాయి. అందుకే నెట్ పోయినా మీ నడక, మీ చూపు ఆగవు. అయితే ఆఖరి మాట సర్వర్‌దే. మీ కంప్యూటర్ ఊహించినదీ సర్వర్ లెక్కా కలవకపోతే సర్వర్ మిమ్మల్ని వెనక్కి లాగి పాతచోట నిలబెడుతుంది. మనం రబ్బర్ బ్యాండింగ్ అంటున్నది దాన్నే. అది కనిపించిందంటే నెట్ వైపే వెతకాలి.

మెషీన్ సమస్య అయితే దాని గురించి ఈ రోజు ఎక్కువ చెప్పను. ఆటలో ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ పెట్టుకోండి. 60 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి 60 ఫ్రేములు (బొమ్మలు) అయితే, ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. గ్రాఫ్ అక్కడి నుంచి ఒక్కసారిగా 100, 200కి లేస్తుంటే కారణం వేడెక్కిన ప్రాసెసర్ కావచ్చు, నిండిపోయిన ర్యామ్ కావచ్చు, కొత్త మ్యాప్‌లో షేడర్లు (బొమ్మకి రంగు, వెలుగు అద్దే చిన్న ప్రోగ్రాములు) అప్పటికప్పుడు తయారవడం కావచ్చు, ఏదో ఒక డ్రైవర్ ప్రాసెసర్‌ని పట్టుకుని వదలకపోవడం కావచ్చు. విండోస్‌లో లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ డ్రైవర్ పేరు బయటపెడుతుంది. దానికి ఇంటర్నెట్ కంపెనీని తిట్టి లాభం లేదు.

నెట్ అని తేలితే అసలు పని అప్పుడు మొదలవుతుంది.

(తెర మీద రెండు విండోలు చూపిస్తూ) వీటిని కాస్త దగ్గరగా చూడండి. రెండిట్లోనూ నడుస్తున్నది పింగే. మైక్ మూస్ అనే ఆయన 1983 డిసెంబరులో, తన దగ్గరి నెట్‌వర్క్ ఏదో వింతగా ప్రవర్తిస్తుంటే కారణం పట్టుకోవడానికి రాసిన ప్రోగ్రామ్ ఇది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పనికి ఇంతకన్నా సులువైన సాధనం లేదు. ఎడమవైపు విండోలో మా రూటర్‌ని పింగ్ చేస్తున్నాను, అంటే ఇంట్లో ఉన్న పెట్టెని. దాని చిరునామా చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే అన్నచోట కనిపిస్తుంది. కుడివైపు విండోలో బయటి చిరునామా, 1.1.1.1. పింగ్ తర్వాత హైఫన్, టీ అని పెడితే మీరు ఆపేదాకా ఆగకుండా నడుస్తుంది. ఈ రెండూ ఒకేసారి నడవాలి. పద్ధతికి ప్రాణమంతా ఆ ఒకేసారిలో ఉంది.

ఎడమవైపు అంకెలు చదువుతాను: 1, 1, 2, 1, 1, 1. కుడివైపు: 24, 25, 24, 140, 310, 480, 620, 590, 24. కుడివైపు పింగ్ కొండెక్కి దిగుతున్నంతసేపూ ఎడమవైపు చలనం లేదు. అంటే కంప్యూటర్ నుంచి రూటర్ దాకా దారి బాగుంది. గొడవ రూటర్ తర్వాత. ఎడమవైపే 1 ఉండాల్సినచోట 180, 250 వస్తుంటే గొడవ మీ గదిలోనే, మీ వైఫైలోనే ఉంది. అప్పుడు బయటివాళ్లెవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. ఇంత చిన్న పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

అంకెల నడక కూడా చదవడం నేర్చుకోవాలి. ఇందాకటిలా మెట్లు మెట్లుగా పైకెక్కి, కాసేపు అక్కడే ఉండి దిగిపోతే ఎక్కడో క్యూ నిండుతోంది. అటూ ఇటూ మామూలుగా ఉండి మధ్యలో ఒక్కటే గడకర్రలా లేస్తే చాలావరకు వైఫై. పింగ్ 40 నుంచి 140కి లేచి గంటలకొద్దీ అక్కడే ఉండిపోతే అది స్పైక్ కాదు, మీ ప్యాకెట్లు వెళ్లే రూటే మారింది. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే సర్వర్ ప్రతి 1000 కిలోమీటర్ల దూరానికీ రానూపోనూ 10 మిల్లీసెకన్లు తప్పవు. దూరం వల్ల వచ్చే పింగ్ ఎప్పుడూ ఉంటుంది, అది ఎగిరెగిరి పడదు.

ఇంకో నడక ఉంది, నాకు చాలా ఇష్టమైనది. లినక్స్‌లోనో మ్యాక్‌లోనో పింగ్ పెడితే ఒక్కోసారి 3100, 2100, 1100, 100 అని వరసగా దిగుతూ వస్తాయి. చూసి కంగారు పడతారు కానీ అందులో అర్థం స్పష్టంగా ఉంది. సెకనుకొకటి చొప్పున పంపిన నాలుగు పింగులకీ జవాబులు ఒకే క్షణంలో కలిసి వచ్చాయి. అంటే మూడు సెకన్లు లింక్ పూర్తిగా బిగుసుకుపోయి, ఒక్కసారిగా విడుదలైంది. ప్యాకెట్లు పోలేదు, ఎక్కడో పట్టి ఉంచి వదిలారు. విండోస్ పింగ్ ఒక జవాబు వచ్చేదాకా ఇంకొకటి పంపదు కాబట్టి దాంట్లో ఈ వరస కనిపించదు.

రెండు జాగ్రత్తలు. విండోస్ పింగ్ వేళ చూపించదు. కాబట్టి టైమ్‌తో సహా గ్రాఫ్ గీసే పింగ్‌ప్లాటర్ లాంటిది పెట్టుకోండి, లేకపోతే పక్కన కాగితం పెట్టుకుని లాగ్ వచ్చినప్పుడల్లా గంట, నిమిషం, సెకను రాయండి. రెండోది, సెకనుకి ఒక్క పింగు 200 మిల్లీసెకన్ల స్పైక్‌ని తేలిగ్గా దాటేస్తుంది. అందుకని ఆటలోనే ఉండే నెట్‌వర్క్ గ్రాఫ్, ప్యాకెట్ లాస్ (దారిలో పోయిన ప్యాకెట్ల) అంకె కూడా ఆన్ చేసుకోండి. చాలా ఆటల్లో సెట్టింగ్స్‌లో ఉంటుంది.

ఇప్పుడు క్యూ సంగతి. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను. ఇంటి కనెక్షన్లలో వచ్చిపోయే లాగ్‌కి నేను మొట్టమొదట అనుమానించేది దీన్నే, కానీ జనం ఆఖర్న వెతికేదీ దీన్నే.

మీ అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ అనుకోండి. మోడెమ్‌లో పంపాల్సిన ప్యాకెట్లు వరసలో ఉండటానికి ఒక బఫర్ ఉంటుంది. అది 1 మెగాబైట్ అనుకుందాం. 1 మెగాబైట్ అంటే 8 మెగాబిట్లు. 5 ఎంబీపీఎస్ దారిలో 8 మెగాబిట్లు ఖాళీ కావడానికి 1.6 సెకన్లు పడుతుంది. ఇంట్లో ఎవరి ఫోనో ఆ పూట తీసిన వీడియోలని క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. బఫర్ నిండింది. ఆ సమయంలో మీరు తుపాకీ పేల్చారు. మీ ప్యాకెట్ 100 బైట్లే ఉండొచ్చు, కానీ అది ఆ వరస చివర నిలబడాలి. టోల్‌గేటు దగ్గర లారీల బారు వెనక చిక్కుకున్న అంబులెన్సు పరిస్థితే దానిది. 1.6 సెకన్ల తర్వాత బయటపడుతుంది. ఫోన్ అప్‌లోడ్ ముగిసిందా, పింగ్ మళ్లీ 25. మీకు కనిపించింది కారణం లేని స్పైక్. కారణం పక్క గదిలో ఉంది.

దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. దీని వెనక కథ తెలిస్తే మందు ఎందుకు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకీ మధ్య లింక్ వేగం సెకనుకి 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. దూరం చూస్తే 400 గజాలే. ప్యాకెట్లు పోయినకొద్దీ అందరూ మళ్లీ మళ్లీ పంపుతూ దారిని ఇంకా నింపేశారు. దాన్ని అధ్యయనం చేసి వాన్ జేకబ్‌సన్, మైక్ కారెల్స్ 1988లో ఒక పరిష్కారం రాశారు. సారం ఏంటంటే, ప్యాకెట్ పోయిందంటే దారి నిండిందని అర్థం చేసుకుని పంపేవాడు నెమ్మదించాలి. ఇంటర్నెట్ ఆ సూత్రం మీదే నిలబడింది. తర్వాత మెమరీ చవకైంది. ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదన్న ఉద్దేశంతో తయారీదారులు పెద్ద పెద్ద బఫర్లు పెట్టారు. ప్యాకెట్ పోదు కాబట్టి పంపేవాడికి సంకేతం అందదు. సంకేతం అందదు కాబట్టి నెమ్మదించడు. క్యూ నిండుతూనే ఉంటుంది. 2010లో జిమ్ గెటిస్ అనే ప్రోగ్రామర్ తన ఇంటి కనెక్షన్‌లోనే దీన్ని గమనించి, విషయాన్ని లోకం దృష్టికి తెచ్చాడు.

2012లో అదే వాన్ జేకబ్‌సన్, క్యాథ్లీన్ నికోల్స్‌తో కలిసి కోడెల్ అనే పద్ధతి తెచ్చాడు. క్యూ ఎంత పొడుగుందని అది అడగదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని అడుగుతుంది. 100 మిల్లీసెకన్ల పాటు ప్రతి ప్యాకెట్టూ 5 మిల్లీసెకన్లకన్నా ఎక్కువసేపు ఆగాల్సి వస్తోందంటే కొన్నిటిని పడేయడం మొదలుపెడుతుంది. పంపేవాడికి సంకేతం అందుతుంది. తర్వాత దీనికి ఒక్కో కనెక్షన్‌కి విడి వరస కలిపి ఎఫ్‌క్యూ-కోడెల్ వచ్చింది. మీ ఆట ప్యాకెట్ ఇక వీడియో ప్యాకెట్ల వెనక నిలబడదు. దాని మీద ఇంకా మెరుగులు దిద్ది తెచ్చిన కేక్ 2018లో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ఈ పనిలో డేవ్ టాట్ ఏళ్ల తరబడి తిరిగాడు, కోడ్ రాశాడు, కంపెనీలని వెంటపడి అడిగాడు. ఆయన 2025లో పోయారు. ఆయనతోపాటు ఎందరో చేసిన ఈ కోడ్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆన్‌లైన్ ఆటలాడే ప్రతి ఒక్కరూ వాళ్లకి రుణపడి ఉన్నారని నేను మనస్ఫూర్తిగా అంటాను.

ఇది మీ ఇంట్లో ఉందో లేదో తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. రెండు పింగ్ విండోలూ పెట్టండి. ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియోని కావాలని అప్‌లోడ్ చేయండి. బయటి పింగ్ 25 నుంచి 300, 600కి ఎక్కిందంటే దొరికినట్టే. తర్వాత పెద్ద డౌన్‌లోడ్‌తో మళ్లీ చూడండి. లాగ్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడకుండా దాన్ని మనమే రప్పించడం ఈ పరీక్షలో ఉన్న గొప్ప సౌకర్యం.

మందు ఏంటంటే, రూటర్‌లో ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయడం. క్యూని ఇందాక చెప్పిన పద్ధతుల్లో అదుపు చేసేది అదే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోగలిగిన రూటర్లలో అది దొరుకుతుంది. దానికి మీ వేగం చెప్పాలి. నిజంగా వచ్చే వేగంలో 85 నుంచి 90 శాతం ఇవ్వండి. అప్‌లోడ్ 5 వస్తుంటే 4.3 అనండి. ఎందుకు తగ్గించాలి? క్యూ మోడెమ్‌లో కాకుండా మీ రూటర్‌లో ఏర్పడాలి. మోడెమ్‌కి తెలివి లేదు, మీ రూటర్‌కి ఇప్పుడు ఉంది. స్పీడ్ టెస్ట్‌లో పది శాతం పోతుంది, దానికి బాధపడకండి. బాగా వేగమైన లైన్ అయితే రూటర్ ప్రాసెసర్ సరిపోకపోవచ్చు, అది కూడా చూసుకోవాలి.

అలాంటి రూటర్ లేదా? అప్‌లోడ్ చేసేవాటికి కళ్లెం వేయండి. క్లౌడ్ బ్యాకప్‌ని నిద్రపోయే వేళకి మార్చండి. టొరెంట్, గేమ్ లాంచర్లలో వేగానికి హద్దు పెట్టండి. విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటుంది, మీకు వచ్చిన అప్‌డేట్లని వేరే కంప్యూటర్లకి మీ లైన్ మీద నుంచి పంపగలదు. దాన్ని ఆపేయండి. ఇంట్లో సీసీ కెమెరాలు క్లౌడ్‌కి పంపుతుంటే వాటినీ లెక్కలోకి తీసుకోండి.

వైఫై దగ్గరికి వద్దాం. ఎడమ విండోలోనే అంకెలు ఎగిరితే ఒక సాయంత్రం కేబుల్ పెట్టి ఆడండి. ఎప్పటికీ కేబుల్‌తోనే ఆడమనడం లేదు, ఒక్క సాయంత్రం. లాగ్ మాయమైతే చోటు తెలిసిపోయింది. ఆ తర్వాత వేళ చూడాలి.

స్పైక్ సరిగ్గా నిమిషానికొకసారో, గడియారం పెట్టినట్టు ఫలానా సెకన్లకొకసారో వస్తుంటే అది గాలిలో వచ్చిన అడ్డంకి కాదు. గాలికి గడియారం లేదు, సాఫ్ట్‌వేర్‌కే ఉంటుంది. కంప్యూటర్‌లోని వైఫై కార్డు ఇంకా మంచి నెట్‌వర్క్ ఉందేమోనని మధ్యమధ్యలో ఛానెల్ వదిలి వెతికి వస్తుంది. ఆ కాసేపు మీ ప్యాకెట్లు ఆగుతాయి. నెట్‌వర్క్‌ల జాబితా తెరిచి ఉంచితే ఈ వెతుకులాట ఎక్కువవుతుంది. ఆపిల్ కంప్యూటర్లలో ఎయిర్‌డ్రాప్ కోసం పనిచేసే భాగం కూడా ఇలాగే వేరే ఛానెల్‌కి వెళ్లొస్తుంది. ఆడేటప్పుడు దాన్ని ఆపి చూడండి. పవర్ సేవింగ్ ఇంకొకటి. వైఫై కార్డు కునుకు తీసి, రూటర్ ప్రతి 102.4 మిల్లీసెకన్లకీ పంపే సంకేతం కోసం లేస్తుంది. ఎడమ విండోలో 1, 90, 2, 70 అని ఎగుడుదిగుడుగా కనిపిస్తే దీన్ని అనుమానించండి. పవర్ సెట్టింగ్స్‌లో వైర్‌లెస్‌ని గరిష్ఠ పనితీరుకి మార్చండి.

వేళాపాళా లేకుండా వస్తుంటే అప్పుడు గాలి సంగతి చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు మూడే, 1, 6, 11. బ్లూటూత్ హెడ్‌ఫోన్ అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ అక్కడే, పక్కింటి రూటర్లూ అక్కడే. ఆటకి ఆ బ్యాండ్ వద్దని నా గట్టి సలహా. 5 గిగాహెర్ట్జ్‌లో ఆడండి, అందులో కూడా ఛానెల్ 36 నుంచి 48 మధ్య ఎంచుకోండి. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ సంకేతం విన్నట్టనిపిస్తే రూటర్ ఆ ఛానెల్‌ని ఖాళీ చేసి తీరాలి, నిబంధన అది. రోజుకి ఒకటి రెండుసార్లు మ్యాచ్ మధ్యలో కనెక్షన్ పూర్తిగా తెగిపోయి, కాసేపటికి దానంతటదే వచ్చే వాళ్లలో కొందరికి కారణం ఇదే. రూటర్ జరిగినవి రాసిపెట్టుకునే రికార్డులో రాడార్ అని రాసి ఉంటుంది, వెతకండి.

కేబుల్‌లో కూడా రోగాలున్నాయి. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. రెండువైపులా గిగాబిట్ ఉండి లింక్ మాత్రం 100 చూపిస్తుంటే ఒక జత తెగిందనో, ప్లగ్ వదులైందనో అనుమానించండి. కేబుల్ మార్చి చూడటం మిగతావాటికన్నా చవకైన పరీక్ష.

ఎడమ విండో నిశ్చలంగా ఉండి, ఇంట్లో ఎవరూ ఏమీ అప్‌లోడ్ చేయకుండా, కేబుల్‌తో ఆడుతున్నా కుడి విండో ఎగురుతుంటే అప్పుడు లైన్ మీద చెయ్యి పెట్టాలి. మోడెమ్ పేజీ తెరవండి. ఫైబర్ అయితే అందులో అందుతున్న కాంతి స్థాయి ఉంటుంది. ఇళ్లకొచ్చే జీపాన్ ఫైబర్‌లో మైనస్ 27 డీబీఎం దగ్గర హద్దు. ఆ దరిదాపుల్లో ఊగుతుంటే కనెక్టర్‌లో దుమ్ము గానీ, తీగ ఎక్కడో గట్టిగా వంగడం గానీ అయి ఉంటుంది. కేబుల్ మోడెమ్ అయితే సరిదిద్దలేని ఎర్రర్ల లెక్క స్పైక్‌తోపాటు పెరుగుతోందా చూడండి. స్టార్‌లింక్ వాడేవాళ్లకి మరో సంగతి. ఏ డిష్ ఏ ఉపగ్రహంతో మాట్లాడాలన్న కేటాయింపు అక్కడ ప్రతి 15 సెకన్లకీ మళ్లీ జరుగుతుంది. మీ స్పైక్‌లు 15 సెకన్ల లెక్కలో వస్తుంటే రూటర్ మార్చి ప్రయోజనం లేదు.

రోజూ సాయంత్రం నుంచి రాత్రి పొద్దుపోయేదాకా మాత్రమే వస్తుంటే ప్రొవైడర్ వైపు రద్దీ. అక్కడ ట్రేస్‌రూట్ అవసరం, ప్యాకెట్ దారిలో తగిలే ఒక్కో రూటర్‌నీ ఒక్కో మజిలీగా వరసగా చూపించే ప్రోగ్రామ్. ఇది కూడా వాన్ జేకబ్‌సన్ రాసినదే. దాన్ని, ఆపకుండా కొలిచే ఎంటీఆర్‌ని చాలామంది తప్పుగా చదువుతారు. మధ్యలో ఆరో మజిలీలో 40 శాతం లాస్, ఏడులో 0, ఎనిమిదిలో 0, చివర్న 0. ఆరో రూటర్ చెడిపోయిందని స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. అది చెడిపోలేదు. రూటర్‌కి ప్యాకెట్లని ముందుకి పంపడం అసలు పని, మనకి జవాబివ్వడం ఆఖరి పని. తీరిక లేనప్పుడు జవాబివ్వదు, అంతే. లాస్ ఒకచోట మొదలై అక్కణ్ణుంచి చివరిదాకా కొనసాగితేనే దాన్ని లెక్కలోకి తీసుకోండి. ఆ మొదలైన చోటు రెండో మజిలీ అయితే ప్రొవైడర్ సొంత లైన్. ఇంకా ముందుకెళ్లి ఉంటే కంపెనీల మధ్య రూటు.

ఫిర్యాదు ఇచ్చేటప్పుడు "లాగ్ వస్తోంది" అని చెప్పకండి. కేబుల్‌తో కొలిచాను, రూటర్ పింగ్ 1, బయటి మొదటి మజిలీ పింగ్ 9 గంటల 14 నిమిషాలకి 380, 9 గంటల 31 నిమిషాలకి 410, వరసగా ఇన్ని రాత్రులు, అని రాసివ్వండి. అలాంటి కాగితం చూశాక "మా వైపు బాగానే ఉంది" అనడం ఎవరికైనా కష్టం.

డీఎన్ఎస్ మార్పు గురించి ఒక్క మాట. డీఎన్ఎస్ పేరుని చిరునామాగా మార్చి ఇచ్చి పక్కకి తప్పుకుంటుంది. మ్యాచ్ మొదలయ్యాక ఆట ప్యాకెట్ల దారిలో అది ఉండదు. మ్యాచ్ మధ్యలో వచ్చే స్పైక్‌ని అది తగ్గించలేదు. విండోస్ రిజిస్ట్రీలో అంకెలు మార్చే చిట్కాలు చాలావరకు టీసీపీ అనే డేటా పంపే పద్ధతికి సంబంధించినవి, వేగమైన ఆటలు ఎక్కువగా నడిచేది యూడీపీ అనే వేరే పద్ధతి మీద. వాటి మీద మీ సమయం, డబ్బు పోసుకోకండి.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: అన్నా, నాకు వీపీఎన్ పెడితే లాగ్ తగ్గింది. వీపీఎన్ పెడితే పింగ్ పెరుగుతుందనే అందరూ అంటారు కదా?

మామూలుగా పెరగాలి తమ్ముడూ, వీపీఎన్ నీ ప్యాకెట్లని ఇంకో సర్వర్ మీదుగా తిప్పుతుంది, దారి పొడుగవుతుంది కాబట్టి. నీకు తగ్గిందంటే అది నీ చేతికి దొరికిన మంచి సాక్ష్యం. నీ వైఫై మారలేదు, నీ లైన్ మారలేదు, మారింది రూటు ఒక్కటే. అంటే ప్రొవైడర్ నుంచి ఆట సర్వర్‌కి వెళ్లే మామూలు దారిలో ఎక్కడో రద్దీ ఉంది. వీపీఎన్ ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి, రెండు ఎంటీఆర్‌లు ఒకే సాయంత్రం తీసి ప్రొవైడర్‌కి పంపు. వాళ్లు రూటు మార్చగలరు. అప్పటిదాకా వీపీఎన్‌తోనే ఆడుకో, తప్పేం లేదు.

ప్రశ్న: సార్, మా పిల్లలు ఫోన్‌లోనే ఆడతారు. సిగ్నల్ నిండుగా ఉన్నా మొబైల్ డేటాలో లాగ్ వస్తుందంటారు.

ఆ గీతలు చూపించేది సిగ్నల్ బలం అమ్మా, టవర్ మీద ఎంతమంది ఉన్నారో చూపించవు. టవర్ అందరికీ వంతులు వేసి ఇస్తుంది, జనం ఎక్కువైతే వంతు ఆలస్యంగా వస్తుంది. ఇంకొకటి, రెండు టవర్ల పొలిమేరలో ఉంటే ఫోన్ ఇటూ అటూ మారుతుంటుంది, మారిన ప్రతిసారీ ఒక కుదుపు. 5జీ, 4జీ మధ్య మారినా అంతే. ఆడేటప్పుడు సెట్టింగ్స్‌లో 4జీకే పరిమితం చేసి చూడమనండి, చాలాచోట్ల పింగ్ కుదురుగా ఉంటుంది. గదిలో చోటు మార్చి కూడా చూడమనండి. పింగ్ పెట్టే యాప్‌లు ఫోన్‌లోనూ ఉన్నాయి, ఏ మూలలో అంకెలు నిలకడగా ఉన్నాయో వాళ్లే కనుక్కుంటారు.

ప్రశ్న: తప్పు ఆట సర్వర్‌దే అయితే ఎలా తెలుస్తుంది?

లాగ్ వచ్చిన క్షణంలో స్కోర్‌బోర్డు తెరవండి. చాలా ఆటల్లో అందరి పింగూ అక్కడ కనిపిస్తుంది. మీ ఒక్కరిదే లేచిందా, పదిమందిదీ లేచిందా చూడండి. వాయిస్‌లో అడగండి, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు కనెక్షన్ల మీద ఉన్నవాళ్లు అదే సెకనులో ఆగిపోయామంటే, మీ రెండు విండోలూ ఆ క్షణంలో నిశ్చలంగా ఉంటే, అది సర్వర్. ఇంట్లో మీరు ఏం మార్చినా అది పోదు. మరో రీజియన్ సర్వర్ ఉంటే అక్కడికి మారండి, మ్యాచ్ నంబరు, సరిగ్గా ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి వచ్చిందో రాసి ఆట కంపెనీ సపోర్ట్‌కి పంపండి. వాళ్ల రికార్డుల్లో వెతుక్కోవడానికి వాళ్లకి కావలసినవి ఆ రెండే.